రైస్‌కి ఆరు మ్యాచ్‌లు, పార్సన్స్ గ్రీన్ బేకి... మన ఫాంటసీ లీగ్‌లో రైస్ ట్రేడ్ రద్దు చేయాలా వద్దా?

ప్లేనో పెద్దన్న
ఆగస్టు 29, 2025, శుక్రవారం, రాత్రి 8:15

అందరికీ నమస్తే. బుధవారం ఎన్ఎఫ్ఎల్‌లో (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) కాన్సాస్ సిటీ చీఫ్స్ రిసీవర్ (విసిరిన బంతి అందుకునే ఆటగాడు) రషీ రైస్‌కి కారు ప్రమాదం కేసులో ఆరు మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది. ఆ వార్త అరగకముందే గురువారం మన డిఫెన్స్ ఆటగాడు మైకా పార్సన్స్‌ని డల్లాస్ కౌబాయ్స్ వాళ్లు గ్రీన్ బే ప్యాకర్స్‌కి ఇచ్చేశారు. నిన్న గ్యాస్ స్టేషన్‌లో ఉండగా ఫోన్ చూశాను, ట్యాంకు నిండి పైపు టక్కుమన్నా అలాగే నిలబడిపోయాను. మా చిన్నోడికి ఇంకా చెప్పలేదు. వాడి గది తలుపు వెనక 11 నంబర్ జెర్సీ వేలాడుతోంది.

సరే, పని విషయానికి వస్తా. మనది ఏటేటా ఆటగాళ్లని అట్టిపెట్టుకునే ఫాంటసీ లీగ్ (నిజం ఆటగాళ్లతో ఊహా జట్లు కట్టుకుని ఆడేది) కాబట్టి ఆఫ్‌సీజన్ ట్రేడ్‌లు, అంటే ఆటగాళ్ల మార్పిళ్లు, మనకీ ఉంటాయి. జులై మొదటి వారంలో హ్యూస్టన్ బాబాయ్ రైస్‌ని కేసీ కుర్రోడికి ఇచ్చి, బదులుగా వచ్చే ఏడాది ఫస్ట్ రౌండ్ పిక్ (డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఆటగాడిని ఎంచుకునే హక్కు) తీసుకున్నాడు. ఇప్పుడు కుర్రోడు ఆ ట్రేడ్ రద్దు చేయమని నాకు రాశాడు. ఇది నేనొక్కణ్ణే తేల్చే విషయం కాదు. 12 మంది ఉన్నాం, ఎవరి మాట వాళ్లు ఇక్కడే చెప్పండి. ఆదివారం రాత్రి ఓటు పెడతాను.

కేసీ కుర్రోడు
రాత్రి 8:52

థాంక్స్ అన్నా. నా వాదన ఇది. నేను తీసుకునేటప్పటికి కేసు ఇంకా నడుస్తోంది. మొదటి సీజన్‌లోనే 79 క్యాచ్‌లు, 938 గజాలు, 7 టచ్‌డౌన్‌లు చేసినవాడు, పోయినేడు నాలుగో మ్యాచ్‌లో మోకాలు దెబ్బతిని ఆగిపోయాడు గానీ అప్పటిదాకా మా జట్టులో అతనే బెస్ట్ రిసీవర్. నేను తీసుకున్న వారం పది రోజులకే, జులై 17న డల్లాస్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. తర్వాత లీగ్ విచారణ సెప్టెంబర్ 30 అన్నారు, అంటే కనీసం మొదటి నాలుగు వారాలు ఆడతాడని లెక్క వేసుకున్నాను. ఇప్పుడు విచారణ దాకా పోకుండానే రాజీపడి ఆరు మ్యాచ్‌లు వేసేశారు. బాబాయ్‌కి డల్లాస్‌లో లాయర్ ఫ్రెండ్స్ ఉన్నారు, నేరం ఒప్పుకోబోతున్నాడని ముందే తెలిసి నాకు అంటగట్టాడేమో అని నా అనుమానం. తప్పయితే క్షమించండి, కానీ మనసులో ఉన్నది అడగకుండా ఉండలేను.

హ్యూస్టన్ బాబాయ్
రాత్రి 9:30

తమ్ముడూ, నాకు ఏ లాయరూ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు. ఆ యాక్సిడెంట్ 2024 మార్చి 30న జరిగింది, గంటకి 119 మైళ్ల వేగం అని పోలీసులు అప్పుడే చెప్పారు, దెబ్బలు తగిలినవాళ్లని వదిలేసి నడుచుకుంటూ వెళ్లిపోయిన వీడియో దేశమంతా చూసింది. 15 నెలల తర్వాత అది తెలియని విషయం అంటే ఎలా?

నేను ఎందుకు అమ్మానో చెబుతా విను. నేను హ్యూస్టన్ జట్టు టెక్సన్స్ మనిషిని. 2017లో హరికేన్ హార్వీ వచ్చినప్పుడు మా వీధిలో నడుం లోతు నీళ్లు. మరుసటి నెలలో డెషాన్ వాట్సన్ అనే మా కొత్త క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) కుర్రాడు తన మొదటి మ్యాచ్ జీతం మొత్తం తెచ్చి, స్టేడియం క్యాంటీన్‌లో పనిచేసే ముగ్గురు ఆడవాళ్లకి ఇచ్చాడు. మా ఆవిడ అది టీవీలో చూసి ఏడ్చింది. ఇంట్లో దేవుడి పటాల తర్వాత ఆ ఫోటోనే ఉండేది అనుకో. 2021 మార్చిలో, లైంగికంగా వేధించాడని మసాజ్ చేసే మహిళలు ఒకరి తర్వాత ఒకరు అతని మీద కోర్టుకెక్కడం మొదలుపెట్టారు, లెక్క 22కి చేరింది. మొదట నేను కూడా డబ్బు కోసమే అని వాదించాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ ఏడాది అతన్ని జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు, జీతం మాత్రం కోటి డాలర్లు దాటి ఇచ్చింది.

అప్పటినుంచి నాదొక నియమం. కేసు మెడమీద ఉన్న ఆటగాడిని మా ఇంట్లో, నా ఫాంటసీ టీమ్‌లో కూడా పెట్టుకోను. రైస్‌ని 2023లో తీసుకున్నాను, యాక్సిడెంట్ అయిన రోజు నుంచే ఎవరికైనా ఇచ్చేద్దామని చూస్తున్నాను. నువ్వే అడిగావు, ఇచ్చాను.

క్లీవ్‌లాండ్ అక్క
రాత్రి 10:11

బాబాయ్ మొదటి సగం చెప్పాడు, రెండో సగం మాది. మేము క్లీవ్‌లాండ్ జట్టు బ్రౌన్స్ వాళ్లం.

2022 మార్చి 11న హ్యూస్టన్ గ్రాండ్ జ్యూరీ (అభియోగం మోపాలా వద్దా తేల్చే పౌరుల బృందం) వాట్సన్ మీద క్రిమినల్ అభియోగం మోపక్కర్లేదంది. సివిల్ కేసులు మాత్రం 22 అలాగే ఉన్నాయి. అయినా ఆ వారంలోనే సెయింట్స్, ఫాల్కన్స్, ప్యాంథర్స్, మేము, నాలుగు జట్లు అతని కోసం వరుసలో నిలబడ్డాయి. ముందు మమ్మల్ని వద్దన్నాడు, అప్పుడు నిజంగా ఊపిరి పీల్చుకున్నాను. మర్నాడు మా ఓనర్లు ఐదేళ్లకి 23 కోట్ల డాలర్లు, ప్రతి పైసా గ్యారంటీ అనేసరికి సరేనన్నాడు. 2018లో కర్క్ కజిన్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌కి 8.4 కోట్లు పూర్తి గ్యారంటీ ఇస్తేనే అందరూ నోరెళ్లబెట్టారు, అలాంటిది ఇది. పైగా టెక్సన్స్‌కి మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, ఇంకా కింది రౌండ్లవి కొన్ని.

కానీ నన్ను ఇప్పటికీ నిద్రపట్టనివ్వనిది ఆ కాంట్రాక్ట్‌లో ఒక గీత. మొదటి ఏడాది మూల వేతనం 10 లక్షల 35 వేల డాలర్లు మాత్రమే. మిగతా దాదాపు నాలుగున్నర కోట్లు బోనస్ కింద పెట్టారు. రెండో ఏడాది నుంచి వేతనం 4.6 కోట్లు. ఎందుకో తెలుసా? సస్పెండ్ అయితే కోత పడేది మూల వేతనంలోనే, బోనస్ జోలికి పోదు. సీజన్‌లో 18 వారాలు, 10,35,000ని 18తో భాగిస్తే వారానికి 57,500. చివరికి 11 మ్యాచ్‌ల సస్పెన్షన్ పడితే పోయింది 6,32,500 డాలర్లు. అదే 4.6 కోట్ల వేతనం మీద పడి ఉంటే 2.8 కోట్లు పోయేవి. లీగ్ వేరుగా 50 లక్షల జరిమానా వేసింది, సరే. కానీ సస్పెన్షన్ వస్తుందని ముందే తెలిసి, దాని దెబ్బ తగలకుండా కాగితం మీద గొడుగు పట్టారు. నేను అకౌంట్స్ చేస్తాను, రోజూ ఇలాంటి పట్టికలే చూస్తాను. ఆ పట్టిక తయారుచేసిన గదిలో ఆ మహిళల గురించి ఒక్కరైనా మాట్లాడి ఉంటారా అనిపిస్తుంది.

ఆ తర్వాత మూడు సీజన్లలో అతను మాకు ఆడింది 19 మ్యాచ్‌లు. ఈ మార్చిలో ఓనర్ జిమ్మీ హాస్లమ్ కూడా గట్టిగా గురిపెట్టి తప్పామని ఒప్పుకున్నాడు.

ఫ్రిస్కో వీరాభిమాని
రాత్రి 10:40

అక్కా నీ లెక్క చూశాక నాకు ఇంకా మండుతోంది. ఇది చూడండి. 22 దావాలు నెత్తిమీద ఉన్న వాట్సన్‌కి మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు. మా పార్సన్స్‌కి? నాలుగేళ్లలో 52.5 సాక్‌లు (అవతలి క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం), వయసు 26, ఒక్క కేసు లేదు, అయినా వచ్చింది రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, కెనీ క్లార్క్ అనే ఆటగాడు. ప్యాకర్స్ వెంటనే నాలుగేళ్లకి 18.8 కోట్లు రాసిచ్చారు, ఏడాదికి 4.7 కోట్లు. క్వార్టర్‌బ్యాక్ కానివాడికి ఇంత ఎవరూ ఇవ్వలేదు.

అసలు ఆ డబ్బు మేమే ఇచ్చి ఉండాల్సింది. కౌబాయ్స్ ఓనర్ జెర్రీ జోన్స్ మార్చిలో పార్సన్స్‌తో నేరుగా కూర్చుని మాట్లాడి అదే ఒప్పందం అంటాడు, ఏజెంట్‌ని లెక్కలోకి తీసుకోనంటాడు. ఏజెంట్ లేకుండా ఇంత కాంట్రాక్ట్ ఎవరు సంతకం పెడతారు? మనం ఇల్లు కొనేటప్పుడే పది మందికి చూపిస్తాం. ఆగస్టు 1న పార్సన్స్ తనంతట తాను ట్రేడ్ అడిగే దాకా తెచ్చారు. మా ఇంటికి పది నిమిషాల దూరంలో వాళ్ల ప్రాక్టీస్ కేంద్రం. వారాంతాల్లో పిల్లల్ని తీసుకెళ్లి బయట గడ్డిమీద ఆడించేవాణ్ణి. వచ్చే గురువారమే ఫిలడెల్ఫియాలో మొదటి మ్యాచ్, సెప్టెంబర్ 28న ప్యాకర్స్ మా స్టేడియం ఉన్న ఆర్లింగ్టన్‌కే వస్తున్నారు. ఆ రోజు టికెట్లు మేలోనే కొన్నాను.

లా చదివినోడు
రాత్రి 11:25

కొంచెం నిదానంగా చూద్దాం. నేను టెక్సస్‌లోనే ప్రాక్టీస్ చేస్తాను, స్పోర్ట్స్ లా కాదు, కానీ ఇక్కడ మూడు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి.

గ్రాండ్ జ్యూరీ అభియోగం వద్దంటే నిర్దోషి అని తీర్పు ఇచ్చినట్టు కాదు, క్రిమినల్ కేసు ముందుకు పోదని మాత్రమే. సివిల్ కేసు సెటిల్ చేసుకుంటే తప్పు ఒప్పుకున్నట్టూ కాదు. వాట్సన్ ఇప్పటికీ తప్పు చేయలేదనే అంటాడు. మూడోది లీగ్ విచారణ, అక్కడ కావాల్సిన రుజువు స్థాయి క్రిమినల్ కోర్టు కన్నా తక్కువ. 2020 ఒప్పందం తర్వాత లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి నియమించిన అధికారి మొదట వింటారు. వాట్సన్ విషయంలో రిటైర్డ్ ఫెడరల్ జడ్జి స్యూ రాబిన్సన్ విన్నారు, లీగ్ ముందుకు తెచ్చిన నలుగురు మహిళల విషయంలో ఉల్లంఘన రుజువైందన్నారు, అయినా పాత కేసులతో పోల్చి ఆరు మ్యాచ్‌లే వేశారు. లీగ్ అప్పీల్‌కి పోయాక 11 దగ్గర రాజీ కుదిరింది.

ఇంకో వైపు కూడా చూడండి. 2022 ఆగస్టులో బఫలో బిల్స్ కొత్త పంటర్ (బంతిని దూరంగా తన్నేవాడు) మ్యాట్ అరైజా మీద చాలా తీవ్రమైన సివిల్ దావా పడింది, రెండు రోజుల్లో జట్టు తీసేసింది. డిసెంబర్‌లో ప్రాసిక్యూటర్ కేసు పెట్టనన్నారు. మరుసటి డిసెంబర్‌లో అతని మీద ఆ దావా కూడా వెనక్కి తీసుకున్నారు. 2024లో చీఫ్స్ తీసుకునే దాకా రెండు సీజన్లు ఇంట్లో కూర్చున్నాడు. బాబాయ్ నియమం ప్రకారం అతనికీ తలుపు మూసేసినట్టే. నాకు ఆ నియమం నచ్చదు.

హ్యూస్టన్ బాబాయ్
రాత్రి 11:48

అరైజా సంగతి నువ్వు చెప్పింది నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ బఫలో వాళ్లు రెండు రోజుల్లో తీసేసింది పంటర్ కాబట్టే గదా. క్వార్టర్‌బ్యాక్ అయితే తీసేసేవాళ్లా?

క్లీవ్‌లాండ్ అక్క
ఆగస్టు 30, శనివారం, ఉదయం 7:05

అదే నేను చెప్పబోతున్నది. ఈ ఏడాది బాల్టిమోర్ కిక్కర్ జస్టిన్ టక్కర్ మీద కూడా మసాజ్ చేసే మహిళలే ఆరోపణలు చేశారు, జనవరిలో అక్కడి పత్రిక బయటపెట్టింది. అతనూ కాదన్నాడు. వయసు 35, పోయిన సీజన్‌లో ఫామ్ కూడా పోయింది. ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో కొత్త కిక్కర్‌ని తీసుకున్నారు, మే నెలలో టక్కర్‌ని పంపించేశారు, ఇది ఆటకు సంబంధించిన నిర్ణయం అన్నారు. జూన్‌లో లీగ్ 10 మ్యాచ్‌లు వేసింది. ఆరోపణల తీరు దాదాపు ఒకటే. ఒకరికి 23 కోట్లు, ఒకరికి తలుపు. నేరం పెద్దదా చిన్నదా అని కాదు, ఆటగాడు ఎంత అవసరం అనేదే చూస్తున్నారు. మా అబ్బాయి 2022లో అడిగాడు, అమ్మా ఆయన తప్పు చేశాడా లేదా అని. జెర్సీ కొనమన్నాడు. నేను కొనలేదు, కారణం కూడా వాడికి సరిగ్గా చెప్పలేకపోయాను, పదకొండేళ్ల పిల్లాడికి ఎలా చెప్పాలో తెలియలేదు. ఇప్పుడు వాడికి 14.

హైదరాబాద్ నుంచి
ఉదయం 7:40

ఇక్కడ సాయంత్రం అయింది. డబ్బు పెట్టి ఆడే ఆటలు మా తెలంగాణలో 2017 నుంచే బంద్, పోయిన వారం కేంద్రం కూడా దేశమంతటికీ చట్టం తెచ్చింది, కాబట్టి నేను ఎప్పటిలాగే ఎంట్రీ ఫీజు లేకుండా ఆడతాను, ఆ సంగతి పెద్దన్నకి తెలుసు. ఆదివారం రాత్రి 10:30కి మొదలుపెడితే తెల్లారి ఐదింటికి పడుకుంటాను, అంత పిచ్చి నాకు.

పందెం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. ఫాల్కన్స్ రిసీవర్ కాల్విన్ రిడ్లీ 2021లో సెలవులో ఉన్నప్పుడు ఫోన్‌లో మొత్తం 1,500 డాలర్లు పందెం కాశాడు. సీజన్ మొత్తం పోయింది, కోటీ 11 లక్షల డాలర్ల జీతం పోయింది. సస్పెన్షన్‌లో ఉండగానే జాగ్వార్స్‌కి ట్రేడ్ చేశారు. రైస్ 119 మైళ్ల వేగంతో ఆరు బండ్ల ప్రమాదానికి కారణమై పారిపోతే ఆరు మ్యాచ్‌లు. మనుషుల ప్రాణం కన్నా పందెం పెద్ద నేరమా? నాకు అర్థం కావట్లేదు, ఎవరైనా చెప్పండి.

లా చదివినోడు
ఉదయం 9:10

రెండూ వేర్వేరు రూల్స్. పందెం అంటే మ్యాచ్ మీద నమ్మకం పోతుంది, ఆ నమ్మకం పోతే వ్యాపారమే పోతుంది, అందుకే లీగ్ మ్యాచ్ మీద కాస్తే కనీసం ఏడాది, సొంత జట్టు మీద కాస్తే రెండేళ్లు అని 2023లో ఇంకా స్పష్టంగా రాసుకున్నారు. ప్రవర్తన రూల్‌లో అంత స్పష్టత లేదు. 2014లో రే రైస్ (ఈయన వేరే ఆటగాడు) కాబోయే భార్యని లిఫ్ట్‌లో కొట్టిన కేసులో మొదట రెండు మ్యాచ్‌లే వేశారు. జనం తిరగబడ్డాక, సరిగ్గా 11 ఏళ్ల కింద ఇదే వారంలో, కమిషనర్ గూడెల్ తప్పు చేశానని రాసి గృహహింసకి ఆరు మ్యాచ్‌లు అని పెట్టాడు. పదకొండు రోజుల తర్వాత లిఫ్ట్ లోపలి వీడియో బయటికొచ్చాకే జట్టు అతన్ని తీసేసింది. అప్పటినుంచి ఆరు అనేది ఒక అలవాటు అంకె అయిపోయింది. డల్లాస్ వాళ్లకి గుర్తుండే ఉంటుంది, 2017లో కౌబాయ్స్ ఆటగాడు ఎజెకీల్ ఇలియట్‌కి పోలీసు కేసే లేకుండా ఆరు వేశారు. రషీ రైస్ రెండు ఫెలనీలు (తీవ్రమైన నేరాలు) ఒప్పుకున్నా ఆరే. ఈ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను, కొలత సరిగ్గా లేదు.

ఇంకొక మాట, ఇది ఆట గురించి కాదు, మనవాళ్ల కోసం. రైస్‌కి పడింది ఐదేళ్ల ప్రొబేషన్, 30 రోజుల జైలు, అది కూడా ప్రొబేషన్ కాలంలో ఎప్పుడైనా గడపొచ్చు. బాధితుల వైద్య ఖర్చులకి లక్షా 15 వేల డాలర్లకి పైగా కట్టాలి. టెక్సస్‌లో దీన్ని డిఫర్డ్ అడ్జుడికేషన్ అంటారు, బుద్ధిగా పూర్తిచేస్తే కోర్టు రికార్డులో దోషి అని పడదు. చాలామంది హెచ్1బీ కుర్రాళ్లు తాగి నడిపిన కేసుల్లోనో కొట్లాటల్లోనో ఇదే దొరికితే చాలు అనుకుని సంతకం పెట్టేస్తున్నారు. ఇమ్మిగ్రేషన్ లెక్కలో మాత్రం నేరం ఒప్పుకుని ఏదో ఒక శిక్ష పడితే అది దోషిగా తేలినట్టే. వీసా ఉన్నవాళ్లు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా దేని మీదా సంతకం పెట్టొద్దు. నా దగ్గరికి సంతకం పెట్టాక వచ్చినవాళ్లు ఉన్నారు, అప్పుడు చేసేదేమీ ఉండదు.

కేసీ కుర్రోడు
మధ్యాహ్నం 12:20

అందరూ రైస్ మీద పడ్డారు గానీ, అప్పుడు అతనికి 23 ఏళ్లు. తప్పు ఒప్పుకున్నాడు, డబ్బు కడుతున్నాడు, క్షమాపణ చెప్పాడు. ఎవరూ చనిపోలేదు, చిన్న దెబ్బలే అని అప్పుడు వార్తల్లో కూడా వచ్చింది. ఇంకెన్నాళ్లు తిడతారు? వాట్సన్ పక్కన ఇతన్ని పెట్టడం అన్యాయం. ఫ్రిస్కో అన్నకి కూడా ఒక మాట, మూడు పిక్‌లు వచ్చింది వాట్సన్ క్వార్టర్‌బ్యాక్ కాబట్టి. పార్సన్స్ ఎంత గొప్పవాడైనా డిఫెన్స్. మార్కెట్ అంతే.

రాత్రి డ్యూటీ నర్స్
సాయంత్రం 5:35

నేను ఇక్కడ ఎక్కువగా రాయను, చదువుతుంటాను. చిన్న దెబ్బలు అన్న మాట చూసి రాయాలనిపించింది.

ఆ యాక్సిడెంట్ జరిగిన నార్త్ సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే మీదే నేను రోజూ డ్యూటీకి వెళ్తాను. అది ఈస్టర్ ముందు శనివారం సాయంత్రం, వెలుతురు ఉండగానే జరిగింది. అతను ఒప్పుకున్న రెండు ఫెలనీల్లో ఒకటి ఏంటో చూడు తమ్ముడూ, తీవ్రమైన శారీరక గాయం చేసిన ప్రమాదం. చిన్న దెబ్బ అన్నది మొదటి గంటలో పోలీసులు చెప్పే మాట. స్ట్రెచర్ మీద వచ్చినవాళ్లు మాట్లాడుతుంటే అలా రాస్తారు. మెడ నొప్పి మర్నాటికి మొదలవుతుంది. బెల్టు రాసుకున్న చోట భుజం నుంచి నడుం దాకా ఐమూలగా నల్లటి చార వస్తుంది, అది మానాక కూడా కొన్ని నెలలు బ్రేక్ శబ్దం వింటే ఒళ్లు బిగుసుకుపోతుంది.

మా మరిదికి రెండేళ్ల కింద ఇదే జరిగింది. వెనక నుంచి ఒకడు వేగంగా వచ్చి గుద్ది, ఆపకుండా వెళ్లిపోయాడు. బండి మూడు చుట్లు తిరిగి గోడకి ఆనుకుంది. తలుపు తెరుచుకోలేదు. ఆయన హారన్ మీద చెయ్యి పెట్టి అలాగే నొక్కుతూ కూర్చున్నాడట, ఎవరైనా వస్తారని. నేను ఫోన్‌లో మాట్లాడినప్పుడు కూడా వెనక ఆ హారన్ వినపడుతూనే ఉంది, చెయ్యి తియ్యి, నేను వస్తున్నాను అంటే కూడా తీయలేదు. గుద్దినవాడు దొరకలేదు. ఖర్చు మా ఇన్సూరెన్స్ మీదే పడింది.

గుద్దడం పొరపాటు అనుకుందాం. దిగి వచ్చి, బాబూ బాగున్నావా అని ఒక్క మాట అడగకుండా వెళ్లిపోవడం మాత్రం పొరపాటు కాదు. నాకు సస్పెన్షన్ ఎన్ని మ్యాచ్‌లో అక్కర్లేదు. ఆ వీడియోలో వాళ్లు పక్కనున్న కార్ల వైపు సరిగ్గా చూడకుండా నడిచి వెళ్లిపోతారే, అది చూసినప్పుడల్లా మా మరిది హారన్ గుర్తొస్తుంది.

ఫ్రిస్కో వీరాభిమాని
సాయంత్రం 6:20

మేడమ్, రాసినందుకు థాంక్స్. ఆ రోజు నేను కూడా అదే రోడ్డులో గంట ముందు పిల్లలతో వచ్చాను.

కుర్రోడా, మార్కెట్ అంతే అన్నావు, అది నిజమే కావచ్చు. నా బాధ కూడా అదే. ఆ మార్కెట్‌ని రోజూ చూసుకుని బతికేది మనమే కదా, టికెట్లు కొనేది మనం, జెర్సీలు కొనేది మనం. వాట్సన్‌కి మొత్తం గ్యారంటీ ఇచ్చినవాళ్లు ఉన్నారు, ఇంట్లో పెరిగిన పిల్లాడిలాంటి పార్సన్స్‌కి ఏజెంట్‌తో మాట్లాడ్డానికి కూడా మనసు రానివాళ్లు ఉన్నారు.

హ్యూస్టన్ బాబాయ్
రాత్రి 7:45

పిక్‌ల గురించి ఒక మాట, డల్లాస్ వాళ్లకి ధైర్యం కోసం. వాట్సన్ ట్రేడ్‌లో వచ్చిన 2023 పిక్, 12వది, మేము ఆరిజోనాకి ఇచ్చి, ఇంకొన్ని కలిపి, మూడో పిక్‌కి ఎక్కి విల్ ఆండర్సన్‌ని తెచ్చుకున్నాం. సీజే స్ట్రౌడ్ మా సొంత పిక్. ఆ ఇద్దరితో మొదటి ఏడాదే ప్లేఆఫ్స్‌లో క్లీవ్‌లాండ్‌ని 45-14తో ఓడించాం, సారీ అక్కా. రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు చేతిలో ఉంటే కథ అయిపోయినట్టు కాదు, ఎవరు ఎంచుకుంటారు అన్నదాని మీద ఉంటుంది. ఆ మ్యాచ్‌కి నేను మా ఆవిడతో వెళ్లాను. క్యాంటీన్ ఫోటో తీసేసిన చోట గోడ మీద ఇప్పటికీ మేకు అలాగే ఉంది, ఎవరి ఫోటో పెట్టాలో ఆవిడ ఇంకా నిర్ణయించుకోలేదు.

క్లీవ్‌లాండ్ అక్క
రాత్రి 8:02

ఆ మ్యాచ్‌లో మాకు ఆడింది వాట్సన్ కాదు బాబాయ్, భుజం దెబ్బతో అతను అప్పటికే లేడు. సోఫా మీద నుంచి లేచొచ్చిన 38 ఏళ్ల క్వార్టర్‌బ్యాక్ జో ఫ్లాకో మమ్మల్ని అక్కడిదాకా తెచ్చాడు. ఈ సీజన్‌కి కూడా మొదటి మ్యాచ్‌లో ఆయనే. మా అబ్బాయికి ఆయన జెర్సీ కొన్నాను.

ప్లేనో పెద్దన్న
ఆగస్టు 31, ఆదివారం, రాత్రి 9:30

ఓటు అయింది. ట్రేడ్ ఉంచాలి అన్నవాళ్లు 8, రద్దు అన్నవాళ్లు 2, ఇద్దరు వేయలేదు. కాబట్టి ట్రేడ్ అలాగే ఉంటుంది. బాబాయ్ ఏదో దాచాడు అనడానికి ఆధారం ఏమీ లేదు, ఆ మాట ఇక్కడితో ఆపేద్దాం. కొత్త రూల్ ఒకటి కూడా పాసైంది, సస్పెన్షన్‌లో ఉన్న ఆటగాడిని గాయపడినవాళ్ల స్థానంలో పెట్టుకోకూడదు, మామూలు బెంచీ మీదే ఉంచాలి, ఆ చోటు ఖాళీ అవ్వదు. రైస్ ఏడో వారానికి వస్తాడు, అప్పటిదాకా కుర్రోడు ఒక చోటు వదులుకోవాలి. డ్రాఫ్ట్ బుధవారం రాత్రి 8 గంటలకి, మన టైం.

మా చిన్నోడికి ఈరోజు చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఆ జెర్సీ మడిచి అలమరా పైఅరలో పెట్టమన్నాడు. ప్యాకర్స్ వచ్చే సెప్టెంబర్ 28న వేసుకోవచ్చా అని అడిగాడు. వేసుకోమన్నాను.

కేసీ కుర్రోడు
రాత్రి 9:58

సరే అన్నా, ఒప్పుకుంటున్నా. రద్దుకి ఓటేసిన ఇద్దరిలో నేను లేను, నేనూ ఉంచమనే వేశాను. బాబాయ్, అలా అనుమానించినందుకు సారీ, నిజంగా. నర్సు అక్కా, చిన్న దెబ్బలు అని తేలిగ్గా రాశాను, అలా రాయాల్సింది కాదు. మీ మరిది ఇప్పుడు ఎలా ఉన్నారు?

హ్యూస్టన్ బాబాయ్
రాత్రి 10:04

పర్లేదురా. వచ్చే ఏడాది ఆ పిక్‌తో నీ చీఫ్స్ వాడినే తీసుకుంటా, అప్పుడు మాట్లాడుకుందాం.

రాత్రి డ్యూటీ నర్స్
రాత్రి 11:40

బాగున్నాడు తమ్ముడూ, అడిగినందుకు సంతోషం. ఆరు నెలల నుంచి మళ్లీ నడుపుతున్నాడు. హైవే మాత్రం ఎక్కడు, ప్రెస్టన్ రోడ్డు మీదే సిగ్నళ్లలో ఆగుకుంటూ వస్తాడు, ఇరవై నిమిషాల దారికి నలభై పడుతుంది. మేమెవరం ఏమీ అనం, భోజనం కొంచెం ఆలస్యంగా వడ్డిస్తాం.